కలిపి అమ్మితే దాణా, విడదీసి అమ్మితే సరుకు

కల్హేర్: క్వింటాలు కందులు మిల్లులో పోస్తే 70 నుంచి 75 కిలోల పప్పు దిగుతుందన్నది కంది వ్యాపారంలో వున్న ప్రతి అడ్తిదారుకూ కంఠోపాఠమే. మిగిలిన 25, 30 కిలోల లెక్క మాత్రం చాలామంది పద్దులో ఒకే గీతతో ముగిసిపోతుంది: "పొట్టు, చున్నీ, నూక". సంచుల్లో కూరి, దాణా వర్తకుడు ఎంత చెబితే అంతకు తోలివేయడం పాత ఆనవాయితీ. నిజానికి లాభనష్టాలు తేలేది ఆ చివరి పాతిక కిలోల దగ్గరే. పప్పు ధర మార్కెట్టు చేతిలో వుంటుంది, కందుల ధర పంట చేతిలో వుంటుంది. మిల్లరు తన చేతులతో మార్చుకోగలిగింది మిగులు సరుకు ఒక్కటే.

ఈ మాటకు కల్హేర్ ప్రాంతం మంచి ఉదాహరణ. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజనులోని ఈ మండలం 2016 అక్టోబరు వరకు పాత మెదక్ జిల్లాలో వుండేది. నీటి వసతి వున్నచోట వరి, లేనిచోట వర్షాధారపు కంది, పెసర, మినుము, జొన్న, పత్తి, సోయాచిక్కుడు ఇక్కడి పంటలు. అంటే ధాన్యం మిగులు, అపరాల మిగులు, నూనెగింజల మిగులు మూడూ పుట్టే ప్రాంతమిది.

గింజతోపాటే పొట్టూ పోతోంది

నారాయణఖేడ్ తాలూకా కర్ణాటకకు ఆనుకుని వుంది, మహారాష్ట్ర కూడా దగ్గరే. బీదరు, కలబురగి, ఉద్గీర్, లాతూరు పప్పు మిల్లులకు ఇక్కడినుంచి లారీ దూరం తక్కువ. సంగారెడ్డి నుంచి పిట్లం మీదుగా నాందేడ్, అకోలా వైపు పోయే 161వ నెంబరు జాతీయ రహదారి వచ్చాక రవాణా మరింత సులువయింది. కనుక ఇక్కడి కంది చాలావరకు గింజ రూపంలోనే జిల్లా దాటుతుంది. దాల్ మిల్లుల కేంద్రంగా కలబురగికి వున్న పేరు, 2019లో ఆ కందిపప్పుకు లభించిన భౌగోళిక గుర్తింపు, 2022 డిసెంబరులో మన తాండూరు కందులకు లభించిన అదే గుర్తింపు, ఈ పట్టీ అంతటికీ కంది ఎంత ముఖ్యమో చెబుతాయి.

గింజ పోతే దానితోపాటు పొట్టూ, నూకా పోతాయి. కొన్నాళ్లకు అదే పొట్టు దాణా బస్తాగా, లారీ కిరాయి, దలాలీ, సంచి ఖర్చు కలుపుకొని ఇక్కడి బర్రెల తొట్టికే తిరిగి వస్తుంది. ఇంట్లో విసిరిన కందుల పొట్టును కుడితిలో కలిపి పశువుకు పెట్టే రైతే, మార్కెట్టులో అదే పొట్టును ధర పెట్టి కొనుక్కోవలసి వస్తోంది.

గింజలో ఏముంది?

కందిగింజలో పప్పుబద్దల బరువు సుమారు 85 శాతం, పైపొట్టు 14, 15 శాతం, మొలక ఒక శాతం. అంటే పొట్టు మాత్రమే తీసి పప్పు చెక్కుచెదరకుండా వుంచగలిగితే క్వింటాలుకు 80 కిలోలు దాటి పప్పు దిగాలి. దిగేది 70, 75 మాత్రమే. మధ్యలో పోతున్న ఆ పది కిలోలూ పొట్టు కాదు, పప్పే. నూకగా విరిగి కొంత, పొడిగా రాలి కొంత పొట్టులో కలిసిపోతోంది.

ఇందుకు కారణం కంది స్వభావం. శనగకు పొట్టు తేలికగా వూడుతుంది. కందికి పొట్టుకూ పప్పుకూ మధ్య జిగురు పొర వుంటుంది. అది వదలడానికి మిల్లులో గింజను ముందు ఎమెరీ రోలరుపై గీరుతారు, నూనె పట్టిస్తారు, కళ్లంలో ఎండబెడతారు, నీళ్లు చల్లుతారు, మళ్లీ రోలరుకు పెడతారు. పొట్టు పూర్తిగా పోయేదాకా ఇదే వరస. రోలరు మీదికి వెళ్లిన ప్రతిసారీ పప్పు అంచులు అరిగి పొడి రాలుతుంది.

ఈ పొడి విషయంలో పటాన్‌చెరులో 1972లో నెలకొన్న అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జరిగిన పని వర్తకులు తెలుసుకోదగ్గది. ఆ సంస్థ వున్నది ఇదే జిల్లాలో. పప్పుబద్ద పైపొరలో సున్నం, ఇనుము వంటి ఖనిజాలు లోపలి భాగంకంటె ఎక్కువ. మొలకలో దాదాపు సగం మాంసకృత్తులే. రోలరు ముందుగా అరగదీసేది ఈ రెంటినే. పైపొట్టు చూస్తే దాదాపు అంతా పీచే, మాంసకృత్తులు బహు స్వల్పం. కనుక చున్నీ అని ఒకే పేరుతో పోయే సంచిలో రెండు భిన్నమైన సరుకులున్నాయి. ఒకటి పప్పుకు తీసిపోని పొడి, రెండవది కేవలం పీచు. రెండూ కలిస్తే పొడికి కూడా పీచు ధరే వస్తుంది.

ఎర్రమట్టి చిక్కు

పల్లెల్లో ఇంకొక పద్ధతి వుంది. కందులను నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, కుప్పపోసి, ఎండబెట్టి విసరడం. ఆ పప్పు రుచే వేరని అడిగి కొనేవారున్నారు, దాని గిరాకీ దానిదే. కాని మిగులు సరుకు దృష్టితో చూస్తే ఇది నష్టమే. మట్టి అంటిన పొట్టు, పొడి మనుషుల తిండికి పనికిరావు. దాణాకు కొనేవారు కూడా ఇసుక, మన్ను పాలు చూసి ధర కోస్తారు. పొట్టును తిండి సరుకుగా అమ్మదలచిన మిల్లు మట్టి పద్ధతి జోలికి పోకపోవడం మంచిది. రెండూ ఆడే మిల్లయితే ఆ పొట్టు సంచులను వేరుగా గుర్తుపెట్టి వుంచాలి.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతిలో ఎండకు బదులు వేడిగాలితో గింజను సిద్ధం చేస్తారు. నూనె అవసరం లేదు, మబ్బు పట్టినా పని ఆగదు, దిగుబడి 80 శాతానికి చేరువగా వస్తుంది. ఆ సంస్థతోపాటు భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ, అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయం రోజుకు కొన్ని క్వింటాళ్లు ఆడే చిన్న దాల్ మిల్లులను కూడా తయారుచేశాయి. మండల స్థాయి వర్తకుడికి అందుబాటులో వుండేవి ఈ చిన్న మిల్లులే.

పద్దు ఎలా తేలుతుంది?

లెక్క సౌకర్యం కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఏ ఒక్క రోజు మార్కెట్టు ధరలూ కావు, ఎవరి మిల్లులో వారు తమ ధరలు వేసుకొని చూసుకోవచ్చు. క్వింటాలు కందులకు పప్పు 72 కిలోలు, నూక 8 కిలోలు, పొడి 8 కిలోలు, పొట్టు 10 కిలోలు, తరుగు 2 కిలోలు.

పొడి, పొట్టు కలిపి 18 కిలోలు చున్నీగా కిలో రూ. 16 చొప్పున అమ్మితే రూ. 288 వస్తుంది. అదే పొడిని జల్లెడ పట్టి రూ. 26కు, పొట్టును రూ. 12కు అమ్మితే రూ. 208, రూ. 120 కలిపి రూ. 328. తేడా రూ. 40.

నూక 8 కిలోలు దాణా కింద రూ. 30 చొప్పున పోతే రూ. 240. రాయి, పొట్టు లేకుండా చెరిగి, సైజులవారీగా జల్లించి పిండిమరకో, అప్పడాల తయారీదారుకో రూ. 55 చొప్పున ఇస్తే రూ. 440. తేడా రూ. 200.

నూకగా పోయే 8 కిలోలలో సగం, అంటే 4 కిలోలు, విరగకుండా పప్పుగానే నిలిచాయనుకుందాం. పప్పు కిలో రూ. 100 అయితే, దాణా నూక ధరకంటె కిలోకు రూ. 70 ఎక్కువ. అప్పుడు క్వింటాలుకు రూ. 280 కలిసివస్తుంది.

ఈ మూడింటిలో పెద్ద అంకె చివరిదన్నది గమనించాలి. మిగులు సరుకు నుంచి డబ్బు తీయడంలో మొదటి మెట్టు మిగులు తగ్గించుకోవడం. రెండవ మెట్టు వేరుచేయడం. కొత్త యంత్రాలు, కొత్త పదార్థాలు మూడవ మెట్టు. చాలామంది మూడవ మెట్టుతో మొదలుపెట్టబోయి తడబడతారు. రోజుకు వంద క్వింటాళ్లు ఆడే మిల్లుకు మొదటి రెండు మెట్లు ఎంత తెస్తాయో, ఇందులో జల్లెడ, కూలి, సంచి ఖర్చు ఎంతో గుణించి చూసుకుంటే విషయం తేలిపోతుంది.

తవుడు నేర్పిన పాఠం

ఇదంతా కొత్త సంగతేమీ కాదు. బియ్యం వ్యాపారం ఈ దారిలోనే నడిచింది. పాత హల్లరు మిల్లులో ఊక, తవుడు కలగలిసి వచ్చేవి. అందులో నూనె పాలు తక్కువ కనుక సాల్వెంటు మిల్లులు దాన్ని ముట్టుకునేవి కావు, పశువులకే పోయేది. షెల్లరు మిల్లులు వచ్చి ఊకను ముందే తీసివేయడం మొదలైన దరిమిలా తవుడు శుద్ధంగా దిగింది. తవుడులో నూనె 15 నుంచి 20 శాతం, ఉప్పుడు బియ్యపు తవుడులో అంతకుమించి వుంటుంది. ఒకనాటి దాణా సరుకు నేడు వంటనూనెగా సీసాల్లో అమ్ముడవుతోంది. నూనె తీసిన తవుడు కోళ్ల, పశువుల, చేపల మేతకు పోతోంది. ఊక బాయిలరు కింద మండుతోంది. వడ్ల నుంచి దిగేవాటిలో బియ్యం ఒక్కటే సరుకన్న రోజులు పోయాయి.

అయితే తవుడు ఇంకొక పాఠం కూడా నేర్పింది. పచ్చిబియ్యం మరలో దిగిన తవుడులో నూనెను విరిచే గుణం గల పదార్థం ఒకటి వుంటుంది. అది మర ఆడిన కొద్ది గంటల్లోనే పని మొదలుపెడుతుంది. పుల్లదనం పెరిగిన తవుడు నూనెను శుద్ధి చేయడంలో తరుగు ఎక్కువ, అందుచేత ధర పడిపోతుంది. వెంటనే సాల్వెంటు మిల్లుకు చేర్చడమో, వేడిచేసి స్థిరపరచడమో తప్పదు. ఉప్పుడు బియ్యానికి ఆవిరి పెట్టడంలోనే ఆ గుణం చచ్చిపోతుంది. మొత్తంమీద తేలిందేమిటంటే, మిగులు సరుకు ధరను నిర్ణయించేవి రెండు: శుద్ధి, తాజాదనం. ఈ మాట కందిపొడికీ అక్షరాలా వర్తిస్తుంది.

మీల్ మేకర్ దారి

ఇక్కడ పండే సోయాచిక్కుడు మూడవ ఉదాహరణ. సోయాలో నూనె 18 శాతం ప్రాంతంలో వుంటుంది. నూనె తీసినాక మిగిలిన చెక్కే బరువులో అధిక భాగం. మొదట అది కోళ్లదాణాకే పరిమితం. నూనె తీసిన ఆ పిండినే వేడి, ఒత్తిడిలో యంత్రంగుండా నెట్టి ముద్దలుగా చేస్తే, తెలుగిళ్లలో మీల్ మేకర్ అని పిలిచే కూర సరుకు అవుతుంది. కిరాణా దుకాణంలో దాన్ని కొనే ఇల్లాలికి అది నూనెమిల్లు మిగులన్న ఆలోచనే రాదు. మిగులు సరుకు వంటింటి పేరు తెచ్చుకుంటే ధర ఎలా మారుతుందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

వేరుశనగ చెక్కకు మాత్రం ఆ అదృష్టం అంతగా పట్టలేదు. నూనె తగ్గించిన వేరుశనగ పిండి 75 పాళ్లు, శనగపిండి 25 పాళ్లు కలిపి మైసూరు సంస్థ బహుళ ప్రయోజన ఆహారం తయారుచేసింది. మాంసకృత్తుల కొరత తీర్చడానికి అది చవకైన మార్గమని ఆశించారు. కాని 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుశనగ చెక్కలోని బూజు అందుకు కారణమని తేలింది. ఆ బూజు విడిచే విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు. అప్పటినుంచి వేరుశనగ పిండిని మనుషుల తిండిలో వాడాలంటే పరీక్ష మాట ముందు వస్తోంది. తేమ దగ్గర అశ్రద్ధ చేస్తే, ఒక ఖండంలోని సరుకు మరో ఖండంలోని వ్యాపారాన్నే దెబ్బతీయగలదని ఆ ఉదంతం చెప్పింది.

తేమతోనే తంటా

కల్హేర్ వర్తకులకు ఈ సంగతి దూరపు ముచ్చట కాదు. కంది కోతలు డిసెంబరు, జనవరి నెలల్లో, ఎండా పొడిగాలీ వుండగా సాగుతాయి. పెసర, మినుము అలా కాదు. ఆగస్టు, సెప్టెంబరులో వాన వదలకముందే మార్కెట్టుకు వస్తాయి. ఆ రోజుల్లో ఆడిన పెసరపొట్టు, మినపపొట్టు గోదాములో చెమ్మ పట్టి బూజు ఎక్కడానికి నాలుగు రోజులు చాలు. బూజుపట్టిన దాణా తిన్న పశువు పాలలోకి ఆ విషం వేరొక రూపంలో దిగుతుంది. పాలలో అది కిలోకు అర మైక్రోగ్రాము మించరాదని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ హద్దు పెట్టింది. పాల డెయిరీలు, దాణా కంపెనీలు తేమ శాతం, బూజు పరీక్ష అడగడానికి కారణం ఇదే. తేమ 10, 12 శాతం దాటని పొట్టు, గాలి ఆడే చెక్కలపై పేర్చిన సంచులు, పాత సరుకు ముందు, కొత్త సరుకు వెనుక అన్న క్రమం, ఇవి పాటించిన గోదాము సరుకుకు పేరు వస్తుంది. పేరు వస్తే ధర వస్తుంది.

పన్ను వూరట, పోటీ బెడద

ఇదిలా వుండగా, గత కొద్ది సంవత్సరాలలో ప్రభుత్వ నిర్ణయాలు ఈ సరుకుల ధరలను అటూ ఇటూ వూపాయి. 2022 డిసెంబరు 17న జరిగిన జిఎస్టీ మండలి 48వ సమావేశం పప్పుల పొట్టు, చున్నీ, ఖండాలపై వున్న 5 శాతం పన్నును పూర్తిగా తీసివేయాలని సిఫారసు చేసింది. 2023 జనవరి నుంచి అది అమలులోకి వచ్చింది. దాణాకా, మరోదానికా అన్న వివాదంలో చిక్కుకున్న వర్తకులకు ఇది పెద్ద వూరట.

2022 సెప్టెంబరులో కేంద్రం నూకబియ్యం ఎగుమతి నిషేధించింది. 2025 మార్చిలో ఆ నిషేధం ఎత్తివేసింది. 2023 జులైలో నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించి, 2025 అక్టోబరులో తొలగించింది. నిషేధకాలంలో సరుకు దేశంలోనే పోగుపడింది. ఆ సమయంలోనే నూకబియ్యం, మొక్కజొన్నలతో ఇథనాల్ తీసే డిస్టిలరీలు పెరిగాయి. ఆ డిస్టిలరీల ఎండు పిప్పి మాంసకృత్తులతో కూడిన దాణా సరుకుగా మార్కెట్టును ముంచెత్తింది. సోయా చెక్క, తవుడు ధరలు రెండూ దాని తాకిడికి మెత్తబడ్డాయి. సోయా చెక్క మెత్తబడితే సోయా గింజ ధర నిలవదు. 2024-25కు సోయా కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ. 4,892 కాగా, ఆ సీజనులో అనేక మార్కెట్లలో బహిరంగ ధర అంతకు దిగువనే నడిచింది. ఒకరి మిగులు మరొకరి పంటను ఎలా నొక్కుతుందో ఇందులో కనిపిస్తుంది.

నూకల విషయంలో పోటీ బఠానీ నుంచి వచ్చింది. 2023 డిసెంబరులో పసుపు బఠానీ దిగుమతిపై సుంకం తీసివేసిన తరువాత చవక బఠానీ పిండి మార్కెట్టులో దిగింది. 2025 నవంబరు 1 నుంచి దానిపై 30 శాతం సుంకం పడింది. కందినూక, శనగనూక కొనే పిండిమరలు బఠానీ ధరతో పోల్చి చూసుకుంటాయి కనుక, రేవులో బఠానీ ధర ఎంతన్నది కల్హేర్‌లో నూక అమ్మేవాడు కూడా చూసుకోవలసిన అంకె అయింది.

పెద్ద ఫ్యాక్టరీల మాట

పప్పుల నుంచి మాంసకృత్తులు, పిండిపదార్థం, పీచు వేరుగా తీసి అమ్మే ఫ్యాక్టరీలు విదేశాల్లో వెలిశాయి. నూకనూ పొడినీ మెత్తగా విసిరి, గాలి వడితో బరువైన పిండి రేణువులనూ తేలికైన మాంసకృత్తుల రేణువులనూ విడదీయడం ఒక పద్ధతి. నీళ్లలో కరిగించి తీయడం మరో పద్ధతి. రెండవదానికి పెట్టుబడి, నీరు, కరెంటు విపరీతంగా కావాలి. కెనడాలోని విన్నిపెగ్‌లో బఠానీ మాంసకృత్తుల కోసం భారీ వ్యయంతో వెలసిన మెరిట్ ఫంక్షనల్ ఫుడ్స్ 2023లో రిసీవరు చేతికి వెళ్లింది. కొనేవారు కుదరకముందే ఫ్యాక్టరీ కట్టడం ఎంత ప్రమాదమో ఆ ఉదంతం హెచ్చరిస్తోంది.

అంతదూరం పోకుండానే చేయదగ్గవి వున్నాయి. శుభ్రమైన పొట్టును మెత్తగా విసిరి పీచు కోసం బిస్కట్లలో, రొట్టెల పిండిలో స్వల్ప పాళ్లలో కలపవచ్చు. నూకను పిండిగా, అప్పడాలకు, వడియాలకు మలచవచ్చు. పొడిని మాంసకృత్తుల శాతం పరీక్షచేయించి, ఆ కాగితంతో దాణా కంపెనీకి నేరుగా అమ్మవచ్చు. అయితే తిండి సరుకుగా అమ్మదలిస్తే ఆహార భద్రత లైసెన్సు, శుభ్రత, లేబులు నిబంధనలు తప్పవు. నూకలపిండిని శనగపిండి పేరుతో అమ్మితే అది కల్తీయే. ఏ గింజ పిండి ఆ గింజ పేరుతోనే అమ్మాలి. చిన్న తిండి పరిశ్రమల కోసం కేంద్రం 2020లో ప్రారంభించిన పథకంలో పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా రూ. 10 లక్షల రాయితీ బ్యాంకు రుణంతో ముడిపెట్టి ఇచ్చారు. ఇటువంటి సాయం యంత్రం కొనడానికి అక్కరకొస్తుంది. కొనేవారిని వెదకడం మాత్రం వర్తకుడి పనే.

ముందు చూపు

2025-26 ఖరీఫ్ కందులకు కేంద్రం క్వింటాలుకు రూ. 8,000 మద్దతు ధర ప్రకటించింది. మరోవైపు 2021 మే నుంచి కందుల దిగుమతికి పరిమాణ ఆంక్షలు లేకుండా తలుపులు తెరిచింది. గింజ కొనుగోలు ధరకు కింద మద్దతు ధర గోడ, పప్పు అమ్మకం ధరకు పైన దిగుమతుల కప్పు. ఈ రెంటి నడుమ మిల్లరుకు దొరికే జాగా ఇరుకే. అటువంటప్పుడు క్వింటాలుకు రెండు, మూడు వందల రూపాయల తేడా చిన్నది కాదు.

ఈ ప్రాంతపు వర్తకుల ముందు ఇప్పుడున్న ప్రశ్న సూటి అయినది. గింజను లారీకెత్తి దలాలీతో సరిపెట్టుకోవడమా, లేక కొంత భాగమైనా ఇక్కడే ఆడి పప్పుతోపాటు నూక, పొడి, పొట్టు మూడింటినీ నిలుపుకోవడమా? పాడి వున్న ప్రాంతం కనుక పొట్టుకు గిరాకీ గుమ్మంలోనే వుంది. దాణా కంపెనీలున్న హైదరాబాదు ఒక పూట ప్రయాణం. ముందుగా కావలసినవి మంచి జల్లెడ, తేమ కొలిచే యంత్రం, నాలుగు వేర్వేరు సంచులు. ఏ సంచిలో ఏమున్నదో నిజాయితీగా రాసి వుంచిన అమ్మకందారుకు మార్కెట్టు మందకొడిగా వున్న రోజున కూడా బేరం తప్పిపోదు.